బెయిల్ వచ్చినా మనిషి బయటికి రాలేదా? జామీనుదార్లను కొనకండి

"బెయిల్ వచ్చింది కదా, ఇంకా ఎందుకు వదల్లేదు సార్?" లీగల్ ఎయిడ్ కేసుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆర్డర్‌లో ఇద్దరు జామీనుదార్లు కావాలని ఉంటుంది. వాళ్ళు భూమి పాస్‌బుక్కో, ఇంటిపన్ను రశీదో చూపించాలి. సెంటు భూమి లేని ఎస్సీ, ఎస్టీ పేటల్లో అవి ఎవరి దగ్గరుంటాయి? ఉన్న ఆసామి దొంగతనం కేసంటే సంతకానికి రాడు. అదే సెక్షన్ కింద పట్టుబడిన పొలం ఉన్నవాళ్ళ అబ్బాయి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. చట్టంలో కులం పేరు ఉండదు, రశీదులోనే ఉంది అంతా.

ఓ ఎరుకల పెద్దావిడ మేకలమ్మిన డబ్బు కొంగున కట్టుకొచ్చింది. కోర్టు గేటు దగ్గర ఎవడో "జామీనుదార్లను నేను తెస్తా" అన్నాడట. ఆ పత్రాలు దొంగవని తేలితే బెయిల్ పోతుంది, పైగా ఇంకో కేసు. డబ్బు దాచుకోమని చెప్పి, షరతు సడలించమని పిటిషన్ వేశాను. "ఉత్తినే వదులుతారా నాయనా?" అని నమ్మలేక మళ్ళీ మళ్ళీ అడిగింది. జామీనుదార్లు లేకుండా, సొంత పూచీకత్తు మీద కొడుకును వదిలారు.

ఇదేం దయ కాదు. 1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసులో 10,000 రూపాయల జామీను అడిగి, తోడబుట్టినవాడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమంది. 2023 జనవరిలో ఇంకా స్పష్టం చేసింది: బెయిల్ వచ్చిన 7 రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్, ఉచిత లాయరును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలో జామీను పెట్టలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. కాబట్టి ఊరికే టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆర్డర్ తేదీ చూసుకుని మమ్మల్ని కలవండి.

ఉచిత లాయరుకు ఆదాయ ధ్రువపత్రం కావాలా? ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు అక్కర్లేదు. న్యాయసేవా హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలు.

పోలీసుల దగ్గర ఒప్పుకుంటే శిక్ష ఖాయమా? ఆ ఒప్పుకోలు సాక్ష్యం కాదు. దాని వల్ల దొరికిన సొత్తు మాత్రం సాక్ష్యమే.

ఇక "ఆ కులం వాళ్ళు పుట్టుకతోనే దొంగలు" అనే మాట. చదువుకున్నవాళ్ళే అంటారు, ఒళ్ళు మండుతుంది. కొన్ని జాతుల మీద ఆ ముద్ర వేసింది 1871లో తెల్లవాళ్ళు రాసిన చట్టం, అది 1952లో రద్దయింది. అలా ఆ ముద్ర నుంచి బయటపడ్డ విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సొచ్చింది. పీపీ (ప్రభుత్వ లాయరు) గారు "అలవాటు పడ్డ నేరస్థుడు" అనగానే మేం అడిగేది ఒకటే: ఏ కేసు, ఏ ఏడాది, శిక్ష పడిందా, కొట్టేశారా? అందుకే పాత కేసులు కొట్టేసిన తీర్పు కాపీలుంటే పారేయకండి, వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.