హాట్ స్టోన్ మసాజ్: వేడిని ఓర్చుకోవాల్సిన పనిలేదు

వేడి చేసిన రాళ్లను ఒంటిమీద జరుపుతూ మేం చేసే ఈ మసాజ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది టేబుల్ మీద పడుకున్నాక నోరు మెదపరు. రాయి చురుక్కుమన్నా పళ్ల బిగువున ఓర్చుకుంటారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

అపోహ: రాయి ఎంత వేడిగా ఉంటే అంత గుణం.

వాస్తవం: రాయి తగిలితే హాయిగా ఉండాలి. చురుక్కుమందంటే వేడి ఎక్కువైనట్టే, వెంటనే చెప్పేయండి. రాళ్లను హీటర్‌లోని నీళ్లలో, థర్మామీటర్ చూసుకుంటూ, సుమారు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తాం. అంత వేడి రాయి ఒకేచోట కదలకుండా ఉంటే చర్మం కాలుతుంది. అందుకే దాన్ని తుడిచి, ముందు మా చేతుల్లో అటూ ఇటూ మార్చి చూసుకుని, నూనె రాసిన ఒంటిమీద ఆపకుండా జరుపుతూ ఉంటాం. వీపు మీద కాసేపు ఉంచే రాళ్లయితే ఇంకాస్త చల్లారనిచ్చి, కింద టవల్ వేసి పెడతాం. రాళ్లను మైక్రోవేవ్‌లో వేడి చేసే చోట మాత్రం చేయించుకోకండి. ఏ రాయి ఎంత కాలిందో అక్కడ ఎవరికీ తెలియదు.

అపోహ: రాళ్లు ఒంట్లోని విషాలను లాగేస్తాయి, కొవ్వును కరిగిస్తాయి.

వాస్తవం: రెండూ జరగవు. వ్యర్థాలను బయటికి పంపేది కాలేయం, కిడ్నీలు. వేడికి కండరాలు వదులవుతాయి, పట్టేసిన మెడా భుజాలూ తేలికపడతాయి, చాలామందికి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. డబ్బు పెట్టి రావడానికి ఇది చాలు.

అపోహ: ఇది వేల ఏళ్ల నాటి రహస్య వైద్యం, ఆ రాళ్లలో మహిమ ఉంది.

వాస్తవం: స్పాలలో ఇప్పుడు కనిపించే పద్ధతికి 1993లో అమెరికాలోని అరిజోనాలో మేరీ నెల్సన్ రూపమిచ్చారు. వాడేది బసాల్ట్, అంటే లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. మన వికారాబాద్ వైపు నేల కింద ఉన్నదీ ఈ జాతి రాయే. బరువుగా, చిక్కగా ఉంటుంది కాబట్టి వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. వేడితో నొప్పి తగ్గించుకోవడం మాత్రం మనకు పాతదే. ఉప్పు మూట కాపడం, బాలింతల వావిలాకు స్నానం తెలియని ఇల్లుందా?

అపోహ: ఎవరైనా చేయించుకోవచ్చు.

వాస్తవం: దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలుతున్నా తెలియదు. "వేడిగా ఉందా అమ్మా?" అని మేం అడిగినా "లేదు" అనే చెబుతారు, నిజంగానే వాళ్లకు తెలియదు కాబట్టి. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు డాక్టర్‌ని అడిగాకే రావాలి. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు అసలు రాకూడదు. ఇవేవీ అడగకుండానే టేబుల్ ఎక్కమన్నారంటే లేచి వచ్చేయండి.

మామూలుగా గంట నుంచి గంటన్నర పడుతుంది. కడుపునిండా తిని రావద్దు. ఒంటిమీద షీటు కప్పే ఉంటుంది, ఏ భాగానికి చేస్తే అంతవరకే తీస్తాం. అయ్యాక చర్మం కాస్త ఎర్రబడితే గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. బొబ్బ లేస్తే మాత్రం అది కాలిన గాయమే. ఇంకు, టూత్‌పేస్ట్, ఐసు ఏవీ పెట్టకుండా 20 నిమిషాలు కుళాయి నీళ్ల ధార కింద ఉంచి డాక్టర్‌కి చూపించండి.