కషాయమా, సిరప్పా? మధ్యలో మరిచిపోయిన ఒక నిమిషం

మంచు మొదలైందంటే కోనసీమలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. కోతలు, నూర్పిళ్ల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, తెల్లారుజామున కాలవ గట్ల మీద పట్టే చలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. అమలాపురం నుంచి భీమవరం దాకా పిల్లల డాక్టర్ల దగ్గర చీకటితోనే టోకెన్ల కోసం నిలబడటం ప్రతి ఏడాదీ ఉన్నదే. ఇప్పుడు ఆ వరసలో కొత్త భయం చేరింది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. చనిపోయినవాళ్లు ఇరవై మందికి పైనే. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని అక్కడి ప్రభుత్వ ల్యాబ్ తేల్చింది. ఉండొచ్చన్న హద్దు 0.1 శాతం. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకు మామూలుగా వాటి అవసరమే ఉండదనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అక్టోబరు 3న చెప్పింది.

అంతే, పాత గొడవ మళ్లీ రాజుకుంది. సిరప్పులు పారేసి కషాయం పెట్టండని ఒక పక్క. ఇంట్లో ఆకులు నూరి పసిపిల్లలకు పోసి ప్రాణం మీదికి తెచ్చాక మా దగ్గరికి తీసుకొస్తున్నారని డాక్టర్లు ఇంకో పక్క. ఇద్దరి దగ్గరా నిజం ఉంది. ఇద్దరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. నా లెక్కలో గొడవ మొత్తానికి తాళంచెవి అదే.

చరకుడి దగ్గర నుంచి మొదలుపెట్టక్కర్లేదు, అందరూ విన్నదే. దగ్గరి నుంచే మొదలుపెడదాం, మా మామ్మ పెరట్లో నుంచి.

మా పెరటి దడి సగం అడ్డసరమే. పశువులు, మేకలు ఆ ఆకును ముట్టవు కాబట్టి దడికి అదే వాడేవాళ్లు. దగ్గు పట్టిందంటే మామ్మ ముదురాకులు రెండు కోసి, కడిగి, చేత్తో చింపి గిన్నెలో వేసేది. మూడు మిరియాలు, రోట్లో చితక్కొట్టిన శొంఠి ముక్క, నాలుగు తులసాకులు. నీళ్లు నాలుగో వంతుకు దిగేదాకా సన్నసెగ మీద మరగాలి. రంగు చిక్కటి టీలా దిగాక గుడ్డలో వడగట్టి, తాటిబెల్లం కలిపి ఇచ్చేది. ఆ చేదు తలుచుకుంటే ఇప్పటికీ నాలుక వెనక్కి ముడుచుకుంటుంది. అయితే నాకు అంతకంటే బాగా గుర్తున్నవి ఆవిడ పెట్టే షరతులు. చంకబిడ్డకు పోసేది కాదు. కడుపుతో ఉన్నవాళ్లను ఆ గిన్నె దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. మూడు రోజులకు మించి ఇచ్చేది కాదు. గొంతు గరగర అంటే పెద్దవాళ్లు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోవడం, రాత్రి పడుకోబోయే ముందు మిరియాల పాలు, పిల్లలకు వేడి వేడి మిరియాల చారుతో అన్నం. అంతవరకే ఆవిడ వైద్యం.

ఆ షరతుల్లో ఎంత నిజముందో తర్వాత చదివితే తెలిసింది. అడ్డసరం ఆకులో ఉండే వాసిసిన్ అనే పదార్థాన్ని 1888లో డేవిడ్ హూపర్ వేరుచేశాడు. మన మద్రాసు రాష్ట్రంలోనే, ఊటీలో పనిచేసినవాడు. ఆ వాసిసిన్‌కు గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉంది. గర్భిణులకు అడ్డసరం ఇవ్వకూడదనడం చాదస్తం కాదన్నమాట. 1960ల్లో అదే వాసిసిన్ నమూనాగా బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, దాని నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. కఫం పల్చబడటానికని ఇవాళ మెడికల్ షాపులో ఇచ్చే సిరప్పుల్లో చాలావాటిలో ఉండేవి ఈ రెండే. అంటే గొడవపడుతున్న రెండు పక్షాలూ ఒకే దడి మీది ఆకు కోసం గొడవపడుతున్నాయి.

గొడవ కూడా కొత్తది కాదు. దేశవాళీ మందుల సంగతి తేల్చమని మద్రాసు ప్రభుత్వం 1918లో డాక్టర్ కోమన్‌ను నియమించింది. ఆయన ఆయుర్వేదాన్ని తీసిపారేస్తూ నివేదిక ఇచ్చాడు, ఆయుర్వేద వైద్యులు దానికి గట్టిగా జవాబు రాశారు. ఆ వెంటనే 1921లో అదే సంగతి మీద ఉస్మాన్ కమిటీ, దాని తర్వాత మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల. పశ్చిమ గోదావరి మాధవరంలో పుట్టిన ఆచంట లక్ష్మీపతి ఇంగ్లిషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వెళ్లింది ఆ రోజుల్లోనే. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది మనకు ఇప్పుడు అనవసరం. రెండు వైపులా పెద్దలు శాస్త్రం గురించే వాదించుకున్నారు. బిడ్డకు వచ్చింది వట్టి జలుబా, ఊపిరితిత్తులకు పట్టిన న్యుమోనియానా అని ఇంట్లో తల్లి ఎలా తెలుసుకోవాలన్నది ఆ వాదంలో ఎక్కడా లేదు.

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. దొరికినప్పుడు చాలా చిన్న జవాబు. పాపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు 1984లో రాసినదాని సారం ఇది: ఎక్స్‌రే లేకపోయినా, స్టెతస్కోపు లేకపోయినా, బిడ్డ ఎంత వేగంగా ఊపిరి తీసుకుంటున్నాడో లెక్కపెడితే న్యుమోనియాను చాలావరకు పట్టేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే నియమంగా మార్చింది. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక పూర్తి నిమిషం చూడాలి. రెండు నెలల్లోపు పసికందుకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40. ఆ అంకెను తాకినా, దాటినా అది జలుబు కాదు. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే లెక్కతో కూడా పనిలేదు, వెంటనే ఆసుపత్రికే.

మన దేశంలో దీన్ని పల్లెల్లో చేసి చూపించింది మన గోదావరికి ఎగువనే. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది గడ్చిరోలి జిల్లా అంచున. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు ఈ లెక్క నేర్పారు. చదువు రాని మంత్రసాని 50 దాకా ఎలా లెక్కపెడుతుంది? అందుకని పూసలు గుచ్చిన ఒక చిన్న పరికరం, దానికి ఒక నిమిషం ఇసుక గడియారం చేయించారు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయే లోపు చివరి పూస దాకా వస్తే న్యుమోనియా, మందు మొదలుపెట్టాలి. ఇలా చూసిన ఊళ్లలో న్యుమోనియాతో పిల్లలు చనిపోవడం పక్క ఊళ్లతో పోలిస్తే సగానికి పైగా తక్కువని 1990లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

అదే 1990లో కేంద్రం శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆరోగ్య కార్యకర్తల కోసం రాసిన శిక్షణ పుస్తకాలు తెరిచి చూస్తే ఇవాళ్టి గొడవ ఎంత అనవసరమో అర్థమవుతుంది. ఊపిరి వేగం లేదు, డొక్కలు ఎగరడం లేదు, వట్టి దగ్గూ జలుబే అయితే ఏం చెప్పాలి? తల్లిపాలు మానొద్దు, దానికి తోడు తేనె (ఏడాది దాటిన బిడ్డకే అని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు), తులసి, అల్లం, మూలికల టీ, ఊళ్లో వాడుకలో ఉన్న హాని చెయ్యని ఇంటి వైద్యం. ఏం వద్దనాలి? నల్లమందు జాతివి, కోడీన్, ఎఫెడ్రిన్, అట్రోపిన్ ఉన్న మందులు. రాసింది ఇంగ్లిషు డాక్టర్లే, నాటు వైద్యులు కాదు. జలుబుకు మామ్మ గిన్నెనూ, న్యుమోనియాకు యాంటీబయాటిక్‌నూ పక్కపక్కనే పెట్టారు. రెంటి మధ్యా గీత గీసేది ఆ ఒక్క నిమిషం.

మరి ఆ గీత ఎలా చెరిగిపోయింది? నన్నడిగితే దాని మీదికి సీసా వచ్చి కూర్చుంది. తొందరగా తగ్గాలి, డ్యూటీకి వెళ్లాలి, పిల్లాడికి పరీక్షలు. కషాయం కాచే తీరిక పోయింది, అడ్డసరం దడులు పోయి కాంక్రీటు గోడలు వచ్చాయి. ఆర్ఎంపీ సంచిలో సిరప్ ఉంటుంది. ఇంగ్లిషు సిరప్ భయమనేవాళ్లకు ఆకు బొమ్మ వేసిన ఆయుర్వేద సిరప్ ఉంటుంది. ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు కావాలని చట్టానికి 1964లో సవరణ చేశారు, అమ్మడానికి మాత్రం ప్రత్యేక లైసెన్సు పెట్టలేదు. అందుకే పచారీ కొట్లోనూ దొరుకుతుంది. గ్రంథాల్లోని మూలికలతో సొంత మిశ్రమం చేసి అమ్మేవాళ్లు దాని పనితనానికి ఆధారం చూపాలన్న నియమం వచ్చింది 2010లో. ప్రకృతి సిద్ధం, సైడ్ ఎఫెక్టులు ఉండవు అని అట్ట మీద ఉంటుంది. మామ్మ పెట్టిన షరతులు ఆ అట్ట మీద ఎక్కడా కనపడవు.

ఇది మా ఇంట్లోనే జరిగింది. మా చెల్లెలి కొడుక్కి అప్పుడు ఎనిమిది నెలలు. దగ్గు మొదలైన రోజే ఊళ్లో వైద్యం చేసే ఒకాయన ఆకు బొమ్మ సిరప్ ఇచ్చాడు, పూటకు అర మూత. మామ్మకు చూపు తగ్గిపోయింది, ఆవిడ మాట వినేవాళ్లు లేరు. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి గుండెలకు రాశారు, స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేశారు. మూడో రోజు టీకాల పని మీద ఏఎన్ఎం వచ్చింది. పిల్లాణ్ని చూసి, "మామ్మగారూ, బాబు చొక్కా పైకెత్తండి" అంది. వట్టి దగ్గే కదమ్మా అంటున్నారు అందరూ. ఆమె మాట్లాడకుండా వాచీ కేసి, పొట్ట కేసి మార్చి మార్చి చూసింది. ఆ నిమిషం ఇంట్లో ఎవరూ కదల్లేదు. "అరవై రెండండి. బట్టలు సర్దుకోండి, కాకినాడ వెళ్దురు గాని" అంది. వాడిప్పుడు మూడో క్లాసు. సిరప్ వాణ్ని చంపేదో లేదో నాకు తెలియదు. ఆ మూడు రోజులూ మందు పడుతోందిగా అన్న ధీమా మాత్రం చంపేసేదే.

అందుకే డాక్టర్ల కోపం నాకు అర్థమవుతుంది. వాళ్లు చెప్పేవాటిలో కొన్ని ఖరాఖండిగా పాటించాల్సినవే. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు, బొట్యులిజం అనే జబ్బు రావొచ్చు. కర్పూరం చర్మం గుండా లోపలికి పోయి పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. ముక్కులో ఆముదమో, కొబ్బరినూనో పోస్తే అది ఊపిరితిత్తుల్లో చేరి మరో రకం న్యుమోనియా అవుతుంది. సాంబ్రాణి పొగ దగ్గును పెంచుతుందే కానీ తగ్గించదు. కక్కించడానికి పోసే కుప్పింటాకు పసరు జీ6పీడీ ఎంజైము తక్కువగా పుట్టిన పిల్లల్లో రక్తకణాలను విరిచేస్తుంది. ఇవేవీ తులసికీ, అల్లానికీ అంటవు. కానీ ఇవన్నీ చెప్పి చివర్లో "ఇంటి వైద్యాలన్నీ మానెయ్యండి" అనేసరికి తల్లికి మిగిలేది మళ్లీ సీసాయే.

రెండో పక్కా హద్దు దాటింది. 2020లో కరోనా వేళ ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలతో క్వాథం చెబితే మన దగ్గర దాన్ని పూటపూటా చెంబులతో తాగినవాళ్లున్నారు. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం జనం ఎగబడ్డారు. ఆ ఏడాదే తిప్పతీగ తిన్నవాళ్లలో లివర్ దెబ్బతిన్నట్టు ముంబయి డాక్టర్లు ఆరుగురి కేసులు రాశారు. తిన్నది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, అలాగే కనిపించే ఇంకో తీగ కావచ్చని ఆయుష్ శాఖ అంది. నాకు ఆ జవాబే ఎక్కువ భయం కలిగించింది. వేపచెట్టు మీద పాకిన తీగ ఏదో గుర్తుపట్టే మనిషి ఊళ్లో లేకపోతే ఆకు మీద నమ్మకం ఎవరి మీద నమ్మకం?

ఇప్పుడు ఛింద్వాడా తర్వాత ప్రభుత్వం చెప్పిన మాట కూడా కొత్తదేమీ కాదు. ముందు సరిపడా నీళ్లూ పాలూ, విశ్రాంతి, ఆసరా. మందు ఆ తర్వాతి సంగతి. 1990ల్లో ఏఎన్ఎంలకు నేర్పిన పాఠమే ఇది. ముప్పై ఏళ్లుగా ఆ పాఠం వాళ్ల సంచిలో ఉంది. తల్లుల దాకా, మామ్మల దాకా ఎంత చేరిందన్నదే ప్రశ్న.

మా ఇంటికి మాత్రం ఆ రోజు చేరింది. కాకినాడ నుంచి వచ్చాక మా చెల్లెలు కొత్త గోడ పక్కన అడ్డసరం కొమ్మ ఒకటి పాతింది. వీధిలో ఏ బిడ్డకు దగ్గొచ్చినా ఇప్పుడు ఆకు కోసం మా చెల్లెల్నే అడుగుతారు. అది కోయనివ్వదు. ముందు ఫోన్లో నిమిషం పెట్టి, పక్కన కూర్చుని, బిడ్డ పొట్ట కేసి చూస్తుంది.