తాతగారి తిథి ఇంట్లో, తేదీ దఫ్తరంలో

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో వంశవృక్షం రాయడానికి కూర్చున్నవారు ముందుగా ఆగిపోయేది మరణ తేదీల దగ్గరే. ముత్తాత పోయిన రోజు ఇంటిల్లిపాదికీ తెలుసు. మార్గశిర బహుళ ఏకాదశి అని ఠక్కున చెబుతారు, ఏటా ఆ తిథికి తద్దినం పెడుతూనే ఉన్నారు. ఏ సంవత్సరమని అడిగితే మాత్రం "ధాత కరువులో పుట్టాడట, కాళయుక్తిలో పెద్ద జ్వరాలు వచ్చినప్పుడు పోయాడట" అంటారు. ఈ జవాబును తీసిపారేయకూడదు. ధాత అంటే 1876-77, మద్రాసు ప్రెసిడెన్సీని కరువు పీల్చి పిప్పి చేసిన కాలం. కాళయుక్తి అంటే 1918-19, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన ఏడాది. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి ఈ నాలుగూ ఉంటే పాత పంచాంగం చూసి ఇంగ్లీషు తేదీ రాబట్టవచ్చు. అదే పేరు 60 ఏళ్లకు మళ్లీ వస్తుంది కనుక మనిషి ఏ తరం వాడో సరిచూసుకోవాలి. తద్దినానికి లెక్కలోకి వచ్చేది ప్రాణం పోయిన వేళకు ఉన్న తిథి కాబట్టి రిజిస్టరులో ఒక రోజు ముందూ వెనకా కూడా వెతకాలి. చిత్తూరు సరిహద్దున తమిళ సంప్రదాయం పాటించే ఇళ్లలో నెలను సౌరమానంలో చెబుతారు. అది తెలియక చాంద్రమానంతో లెక్క వేస్తే నెలంతా తప్పుతుంది.

ఇంట్లో కాగితం ఎందుకు మిగల్లేదన్నదానికి మన ఆచారమే కారణం. పెళ్లి శుభలేఖ మూలలకు పసుపు రాసి పెట్టెలో దాచుకున్నాం. చావు కబురు తెచ్చిన పోస్టుకార్డును గడప దాటనివ్వకుండా చదివి, అక్కడికక్కడే చించేశాం. పోయినవారి పేర్లు నిలిచింది శ్రాద్ధంలోనే. తండ్రిని వసురూపంగా, తాతను రుద్రరూపంగా, ముత్తాతను ఆదిత్యరూపంగా పేరు చెప్పి పిండం పెడతారు. ఆపై తరం పేరు ఆ వరసలోంచి జారిపోతుంది. అందుకే చాలా కుటుంబాలకు నాలుగో తరం దగ్గర చీకటి.

ఈ నేల మీద మరణాన్ని రాసిపెట్టుకోవడం అసలు లేదని మాత్రం అనలేం. మదనపల్లె, పుంగనూరు వైపు పొలాల గట్ల మీద నిలిచిన వీరగల్లులు చూడండి. వెయ్యేళ్ల కిందట ఈ ప్రాంతాన్ని ఏలిన వైదుంబ రాజుల కాలం నాటి రాళ్లలో ఎవరు, ఏ పోరులో పడ్డారో తెలుగులోనే చెక్కి ఉంది. ఆ గౌరవం పోరులో పడ్డవారికి దక్కింది. జ్వరంతో పోయిన రైతుకు, పురిట్లో పోయిన ఇల్లాలికి అక్షరం దక్కడానికి ఇంకో వెయ్యేళ్లు పట్టింది.

ఆ అక్షరం కూడా కుటుంబం కోసం రాసింది కాదు. 1860లలో మద్రాసు ప్రభుత్వం చావుల లెక్క తీయడం మొదలుపెట్టింది కలరా భయంతో. యాత్రాస్థలాల మీద ఆ భయం మరీ ఎక్కువ. బ్రహ్మోత్సవాలకు వేలాదిగా జనం వచ్చే తిరుపతి మీద పారిశుద్ధ్య శాఖ ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచేది, 1891లో రైలు వచ్చాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి. అందువల్ల ఆనాటి లెక్కల్లో పేరు కంటే కారణం ముఖ్యం. కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, గాయాలు, ఇతరాలు. ఈ గదుల్లో ఏదో ఒకదానిలో ప్రతి చావూ పడాలి. ఊరి కాపలా చూసే తలారికీ, గ్రామాధికారి అయిన మునసబుకూ వైద్యం తెలియదు కనుక మలేరియా, టైఫాయిడు, ఇన్‌ఫ్లుయెంజా అన్నీ "జ్వరం" గదిలోకే వెళ్లాయి. ఇప్పుడు పాత రిజిస్టరులో ఆ మాట చూసి మీ ముత్తాతకు ఫలానా రోగమని తేల్చేయకండి.

1886లో వచ్చిన చట్టం ఇష్టమున్నవారు నమోదు చేయించుకోవడానికే. 1899 నాటి మద్రాసు జనన మరణాల నమోదు చట్టంతో పని గట్టిపడింది. పట్టణాల్లో మున్సిపాలిటీ, పల్లెల్లో గ్రామ మునసబు రిజిస్టరు పట్టుకున్నారు. 1886లో ఏర్పడిన తిరుపతి మున్సిపాలిటీ, 1917లో ఏర్పడిన చిత్తూరు మున్సిపాలిటీ ఇప్పుడు నగరపాలక సంస్థలయ్యాయి. పట్టణంలో పోయినవారి కోసం ఆరోగ్య విభాగంలో అడగాలి.

పల్లె రిజిస్టరు పేజీ ఒకటి ముందు పెట్టుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. తేదీ, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆడా మగా, వయసు, కులమో మతమో, కారణం, చివరన కబురు చెప్పినవారి పేరు. వయసు నమ్మదగింది కాదు. 40, 50, 60 అని గుండుసున్నా అంకెలే వరసగా కనబడితే అవి చూసి వేసిన అంచనాలని అర్థం. నేను మాత్రం అందరికీ చివరి గది చూడమని చెబుతాను. కబురు చెప్పినవాడు పెద్దకొడుకో, అల్లుడో, ఒకే వీధి బంధువో అయి ఉంటాడు. వంశవృక్షంలో తెగిపోయిన కొమ్మ చాలాసార్లు ఆ పేరుతోనే అతుక్కుంటుంది. ఆడవాళ్లు చాలాచోట్ల "ఫలానా వారి భార్య" గానే మిగిలారు, పేరు పెట్టకముందే పోయిన పసివాళ్లకు "మగశిశువు", "ఆడశిశువు" అనే ఉంటుంది. ఊరికి దూరంగా ఉన్న పేటల్లో చావు మునసబు దాకా చేరితేనే నమోదు, చేరనివి అసలు లేవు. ఇంటిపేరు రాయకపోవడం ఈ జిల్లాలో మామూలే. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ముందు ఉంటుంది. అందుకని వెతికేటప్పుడు ఇంటిపేరును పట్టుకుని కూర్చోక ఊరు, తండ్రి పేరు, తేదీ ఈ మూడింటినీ కలిపి చూడాలి.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య అధికారం పోవడం న్యాయమే. కానీ అంతకాలం వాళ్ల ఇళ్లలో, చావళ్లలో ఉన్న దఫ్తరాలను ఒక్కసారిగా అప్పగించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత తాలూకా కచేరీ కట్టలు ఏ మండలానికి వెళ్లాయన్నది ఊరూరికీ వేరు. ఇప్పుడు పల్లెలో నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శి. పాతవాటికి తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో అడగాలి. అక్కడ ఊరి పాత పేరు, రెవెన్యూ గ్రామం పేరు చెప్పగలిగితే సగం పని అయినట్టే, ఎందుకంటే మనం ఊరనుకునేది వాళ్ల లెక్కలో పక్క గ్రామానికి శివారు పల్లె కావచ్చు.

జిల్లా సరిహద్దులను తెలుసుకోకుండా ఈ వెతుకులాట సాగదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి, అన్నమయ్య జిల్లాలు పుట్టాయి. 1905లో మదనపల్లెలో పోయిన మనిషి కాగితం కడప లెక్కల్లో ఉంటుంది, 1950లో తిరుత్తణిలో పోయిన మనిషిది చిత్తూరు లెక్కల్లో ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953కు ముందటి పై స్థాయి దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ దస్త్రాల భాండాగారం) దాకా వెళ్లాల్సి రావచ్చు.

దీనికి తోడు, మరణం నమోదయ్యేది సొంత ఊళ్లో కాదు, ప్రాణం పోయిన చోట. తరతరాలుగా చిత్తూరు జనం జబ్బు ముదిరితే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి పరుగెత్తారు. అక్కడ కన్నుమూసినవారి నమోదు వేలూరులోనే, తమిళనాట. క్షయతో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో చేరిన వారి సంగతీ అంతే. 1915 నుంచి దక్షిణాదిలోని ఎన్నో ఊళ్లవారు అక్కడికి వచ్చారు. ఊళ్లో దహనం జరిగింది కనుక రికార్డు ఊళ్లోనే ఉంటుందని ఏళ్ల తరబడి తప్పుచోట వెతికే కుటుంబాలు ఉన్నాయి.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకొక దారి ఉంది. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు 1853లో మొదలైన ఆర్కాటు మిషను, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు 1865లో వచ్చిన జర్మన్ లూథరన్ మిషను బాప్తిస్మాలతో పాటు సమాధుల రిజిస్టర్లు కూడా నడిపాయి. సంఘకాపరిని అడిగితే ప్రభుత్వ కాగితానికి ముందటి తరం కూడా దొరకవచ్చు. ముస్లిం కుటుంబాలు మసీదు కమిటీని, కబరస్తాన్ చూసుకునేవారిని అడగాలి.

పత్రికల్లో సామాన్యుడి మరణవార్త చాలా ఆలస్యంగా వచ్చింది. 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికలో వకీళ్లు, జమీందార్లు, కాంగ్రెసు నాయకుల నిర్యాణ వార్తలు కనిపిస్తాయి. పాత సంచికలను ప్రెస్ అకాడమీ కంప్యూటర్లో చదువుకునే వీలు కల్పించింది. మామూలు ఇళ్ల శ్రద్ధాంజలి ప్రకటనలు జోరందుకున్నది 1980ల చివర జిల్లా అనుబంధాలు వచ్చాకే. వాటికన్నా విలువైనది వైకుంఠ సమారాధన, ఉత్తరక్రియల కార్డు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు అందరి పేర్లూ ఊళ్లతో సహా ఒక్క కార్డు మీద ఉంటాయి. దాన్ని ఇప్పటికీ ఇంట్లో ఉంచుకోం. ఉంచుకోవాలని మనసొప్పకపోతే కనీసం ఫోనులో ఫోటో తీసి దాచుకోండి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 1970 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరులో వెతికించుకోవచ్చు. మరణ నకలులో కారణం మాత్రం ఇవ్వరు. 2011 నవంబరులో తిరుపతిలోనే మొదలైన మీసేవ, ఆ తర్వాత గ్రామ సచివాలయాలు ఈ మధ్య మరణాల ధ్రువపత్రాలను తేలిక చేశాయి. 2023 అక్టోబరు 1 నుంచి కొత్త నమోదంతా దేశవ్యాప్త వ్యవస్థలోకి చేరుతోంది. 1970కి ముందటివి ఈ సౌకర్యానికి బయటే ఉన్నాయి. ఎలుకలకూ చెదలకూ వాన చెమ్మకూ పోగా మిగిలిన ఆ కట్టలను ముందుగా స్కాన్ చేయించాలి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు చేతులు మారిన దస్త్రాల్లో మరణ రిజిస్టర్లు ఏ గదిలో ఉన్నాయో మండలాల వారీగా జాబితా వేసి, తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లు రెండూ నోటీసు బోర్డు మీద పెట్టాలి.