ఈఎస్‌పీ32 లోకల్ వెబ్ పేజీ: అపోహలు - వాస్తవాలు

వైఫై ఉన్న ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో చిన్న వెబ్ సర్వర్ నడిపి, ఫోన్ బ్రౌజర్‌లో సెన్సర్ రీడింగ్ చూడటం, రిలే (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) ఆన్ చేయడం ఇప్పుడు ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలు కూడా చేసేస్తున్నారు. అది నెలల తరబడి ఆగకుండా నడవడమే కష్టం. నా దగ్గరకు రిపేరుకు వచ్చేవాటిలో కాలిపోయిన బోర్డులు తక్కువ. ఎక్కువ శాతం ఈ కింది నమ్మకాలతో కట్టినవే.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే పేజీ రాదు.
వస్తుంది. ఫోన్, బోర్డు ఒకే రూటర్ కింద ఉంటే చాలు. రూటర్ కూడా లేదా? బోర్డునే యాక్సెస్ పాయింట్‌గా (సొంత వైఫై ఇచ్చేలా) పెట్టి, ఫోన్‌ను దాని వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.4.1 కొట్టండి. కాకపోతే ఈ వైఫైలో నెట్ లేదని ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకి మారిపోవచ్చు. పేజీ తెరుచుకోకపోతే ముందు డేటా ఆపి చూడండి. గ్రాఫులు గీసే లైబ్రరీని ఆన్‌లైన్ లింకుతో పెట్టినా తంటానే, నెట్ లేనప్పుడు ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఫైలును బోర్డు మెమరీలోనే, లిటిల్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో దాచుకోవాలి.

అపోహ: అనలాగ్ సెన్సర్‌ను ఏ ఏడీసీ పిన్నుకు కలిపినా ఒకటే.
మామూలు ఈఎస్‌పీ32లో రెండు ఏడీసీలు (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగాలు) ఉంటాయి. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2ను నమ్ముకోలేం, ఎందుకంటే వైఫై డ్రైవర్ కూడా దాన్నే వాడుకుంటుంది. 4, 13, 14, 25, 26, 27 వంటి పిన్నులన్నీ దాని కిందకే వస్తాయి. కోడ్ రాసేటప్పుడు ఎవరైనా ముందు సెన్సర్‌ను విడిగా పరీక్షిస్తారు, చక్కగా పనిచేస్తుంది. తర్వాత వెబ్ సర్వర్ కలుపుతారు, రీడింగ్ పాడవుతుంది. ఇక సెన్సర్ నాసిరకమని ఇంకోటి కొంటారు, అదీ అంతే! నేల తేమ సెన్సర్ల విషయంలో ఈ కథ ఎక్కువ. 32 నుంచి 39 మధ్య పిన్నులు ఏడీసీ1వి, వాటికి కలపండి. వాటిలో 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, లోపల పుల్లప్ (పిన్‌ను హై స్థితిలో పట్టి ఉంచే రెసిస్టర్) కూడా ఉండదు. రిలే అక్కడ పెట్టి మొత్తుకుంటే లాభం లేదు.

అపోహ: తేమ తగ్గగానే మోటార్ ఆన్ చేసే లెక్క పేజీలో రాస్తే సరిపోతుంది.
ఇదే అన్నిటికంటే ప్రమాదం. పేజీలోని జావాస్క్రిప్ట్ నడిచేది మీ ఫోన్‌లో. స్క్రీన్ ఆరిందంటే ఆ లెక్క కూడా ఆగిపోవచ్చు. మోటార్ ఆగాల్సిన సమయానికి ఆపేవాళ్లు ఉండరు. నిర్ణయం బోర్డుదే కావాలి. గరిష్ఠంగా ఎంతసేపు నడవాలో కూడా బోర్డు కోడ్‌లోనే ఉండాలి. పేజీ చూడటానికి, సెట్టింగ్ మార్చడానికి మాత్రమే.

మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్నదీ ముందే తేల్చుకోండి. మార్కెట్లో దొరికే రిలే మాడ్యూళ్లు చాలావరకు పిన్ వోల్టేజీ సున్నాకు దిగితే (లో స్థితి) ఆన్ అయ్యేవి. బోర్డు లేచే ఆ క్షణంలోనే టక్కున కొట్టుకుంటాయి. అన్నట్టు, ఆ చిన్న రిలేతో బోరు మోటార్‌ను నేరుగా నడపకండి. స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటార్ కరెంటును మోసే పెద్ద స్విచ్) కాయిల్‌ను ఆడించడానికే దాన్ని వాడాలి. ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

అపోహ: లోకలే కదా, పాస్‌వర్డ్ దేనికి?
మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరూ ఆ బటన్ నొక్కగలరు. కానీ బయటివాళ్ల కంటే మీ బ్రౌజర్‌తోనే ఎక్కువ టెన్షన్. ఆన్ చేయడానికి మామూలు లింకు పెడితే, రేపు ఆ పాత ట్యాబ్ తెరవగానే అదే లింకు మళ్లీ లోడ్ అయి మోటార్ తిరగొచ్చు. స్థితి మార్చే పనికి పోస్ట్ పద్ధతి (ఫారం పంపినట్టు పంపే హెచ్‌టీటీపీ అభ్యర్థన) వాడి, పని కాగానే మొదటి పేజీకి మళ్లించండి. రూటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి ఈ పేజీని బయటి ప్రపంచానికి తెరవడం మాత్రం వద్దు.

అపోహ: పేజీలో అంకె మారుతోందంటే రీడింగ్ సరైనదే.
ఉష్ణోగ్రత, తేమ కొలిచే డీహెచ్‌టీ11 సెన్సర్ ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపవచ్చు. దాన్ని బోర్డుకు ఆనించి పెడితే బోర్డు వేడి కూడా కలుస్తుంది. అంకె పక్కన ఎన్ని సెకన్ల క్రితం చదివిందో కూడా చూపించండి. సెన్సర్ వైరు ఊడినా పాత అంకెనే చూపించే పేజీలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఐపీ అడ్రస్ ఒకసారి చూసుకుంటే చాలు.
రూటర్ దాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో ఆ బోర్డు పేరిట ఒక అడ్రస్ రిజర్వ్ చేయండి. ఆ బోర్డు మ్యాక్ అడ్రస్‌ను (రూటర్ బోర్డును గుర్తుపట్టే మారని నంబరు) డబ్బా మీద మార్కర్‌తో రాసుకోండి, రూటర్ మార్చిన రోజు మళ్లీ కావాల్సింది అదే.