సీసం మరకలు లేని బల్ల

1970ల నాటి టైప్‌సెట్టింగ్ కంప్యూటర్ల ప్రకటనలు ఇప్పుడు చూస్తే ముద్దొస్తాయి. గుండ్రటి అంచుల పెట్టె, ఆకుపచ్చ అక్షరాల తెర, దాని ముందు ఇస్త్రీ నలగని బట్టల్లో ఓ అమ్మాయి. మసి లేదు, చప్పుడు లేదు. నిజానికి అది ప్రెస్సు యజమానికి చెప్పిన మాట: అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజిటర్ అక్కర్లేదు, టైపిస్టు చాలు.

అప్పటిదాకా అమెరికా, బ్రిటన్ పత్రికలు నడిచింది లైనోటైప్ మీద. కరిగిన సీసంతో ఒక్కో లైనూ పోత పోసే యంత్రం అది. 90 మీటలు, వాటి వరస టైప్‌రైటర్‌ది కాదు. ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన పని కాబట్టి యూనియన్లూ గట్టివే. 1960లో మొదలైన కంప్యుగ్రాఫిక్ లాంటి కంపెనీలు మామూలు టైప్‌రైటర్ మీటలే పెట్టి ఆ గుట్టు విప్పేశాయి.

కంప్యుగ్రాఫిక్ వాళ్ల ఎడిట్‌రైటర్ యంత్రం 1977లో వచ్చింది. లోపల నల్లటి ఫిల్మ్ పట్టీ, దాని మీద వెలుగు దూరేలా అక్షరాలు. పట్టీ చుట్టిన డ్రమ్ము గిర్రున తిరుగుతుంటే, కావాల్సిన అక్షరం ఎదురుగా రాగానే జినాన్ దీపం తళుక్కుమంటుంది. అక్షరం లెన్సులోంచి ఫోటో కాగితం మీద పడుతుంది. దాన్ని కడిగి, కత్తిరించి, వెనక మైనం పూసి పేజీకి అంటించాలి. అంత అందమైన తెర మీద అక్షరం అసలు రూపు కనిపించదు. ఫాంటు, సైజు అన్నీ కోడ్‌లే. కోడ్ తప్పు కొట్టారా, ఆ సంగతి బ్రోమైడ్, అంటే ఆ కడిగిన ఫోటో కాగితం, చేతికొచ్చాకే తెలుస్తుంది. కడిగే మందు వాసన ఎలాగూ ప్రకటనలోకి రాదు!

ఆ మీటల ముందు ఎవరు కూర్చోవాలన్నదే పెద్ద గొడవైంది. న్యూయార్క్ టైమ్స్ 1974లోనే కంపోజిటర్లకు జీవితాంతం ఉద్యోగ హామీ ఇచ్చి దారి చేసుకుంది, 1978 జులై 2 సంచికతో సీసం వదిలేసింది. లండన్‌లో రాజీ కుదరలేదు. విలేకరులు నేరుగా టైప్ చేస్తే ఒప్పుకోమని యూనియన్ పట్టుబట్టింది. 1978 డిసెంబరు నుంచి దాదాపు ఏడాది పాటు అక్కడి టైమ్స్ పత్రిక అచ్చు కాలేదు. 1986లో ఆ పత్రికను లండన్‌లోనే వాపింగ్ అనే చోటికి తరలించినప్పుడు సమ్మెకు దిగిన వేలమందిని తీసేశారు.

ఆలోపే, 1985లో, మాకింతోష్ కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అక్షరం తెర మీదే కనిపించసాగింది. ప్రకటనలోని అమ్మాయి కుర్చీకీ ఎసరొచ్చింది. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో ఆ పేజ్‌మేకర్‌లోనే ఎన్నో ఏళ్లు శుభలేఖలు కొట్టారు.