ముందు చూపు, తర్వాత డ్రిల్లు: పిల్లల చెవి వైద్యం నేర్పేదెలా?

"చెవి కారుతోంది డాక్టరుగారూ" అంటుంది తల్లి. ఎన్నాళ్లుగా అని అడిగితే "జలుబు చేసినప్పుడల్లా ఇంతే" అంటుంది. పిల్లల్లో ముక్కు వెనక నుంచి మధ్యచెవికి వెళ్లే యూస్టేషియన్ నాళం పెద్దవాళ్ల నాళంలో సుమారు సగం పొడవే ఉంటుంది. పైగా ఏటవాలుగా కాకుండా దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది మూసుకుపోతే మధ్యచెవిలో చీము పడుతుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు పడి చీము బయటికొస్తుంది. చాలామందిలో చిల్లు దానంతటదే పూడుతుంది. పూడకుండా రెండు వారాలకు మించి కారుతుంటే అది దీర్ఘకాలిక జబ్బు కిందికి వస్తుంది. చిల్లు ఒక్కటే 20 నుంచి 40 డెసిబెల్స్ దాకా వినికిడి తగ్గించగలదు. టీచరు బోర్డు వైపు తిరిగి చెప్పే పాఠం వెనక బెంచీ పిల్లకు సగమే చేరుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వినికిడి నివేదిక ప్రకారం, తక్కువ ఆదాయ దేశాల్లో సుమారు 78 శాతం చోట్ల పది లక్షల జనాభాకు ఒక్క ఈఎన్‌టీ నిపుణుడైనా లేడు. కాబట్టి శిక్షణ అంటే సర్జన్లను తయారుచేయడం ఒక్కటే కాదు. మలావీలో క్లినికల్ ఆఫీసర్లు, అంటే డాక్టర్లు కాకపోయినా వైద్యం చేయడానికి శిక్షణ పొందిన సిబ్బంది, ఈఎన్‌టీ పని నేర్చుకుని పెద్ద భారం మోస్తున్నారు. నేపాల్‌లో 1988లో మొదలైన బ్రిటన్-నేపాల్ చెవి వైద్య సేవ, బ్రినోస్, నేపాల్‌గంజ్ ప్రాంతంలో ఆపరేషన్ల క్యాంపులు పెట్టడంతో పాటు స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు చెవి చూడటం, తుడవడం నేర్పింది. మన దేశంలో 2006-07లో మొదలైన జాతీయ చెవుడు నివారణ కార్యక్రమంలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్ల శిక్షణ ఒక ముఖ్య భాగం.

ఈ శిక్షణను ఆపరేషన్ థియేటర్‌లో మొదలుపెట్టడం తప్పు. పిల్ల కదలకుండా కూర్చోవడం దగ్గర మొదలుపెట్టాలి. పిల్ల తల్లి ఒళ్లో పక్కకు తిరిగి కూర్చోవాలి. తల్లి ఒక చేత్తో పిల్ల తలను తన గుండెకు ఆనించి పట్టుకుని, రెండో చేత్తో పిల్ల చేతులు రెండూ కలిపి అదుముకోవాలి. చెవిలోకి వెలుతురు వేసి చూసే పరికరం, ఆటోస్కోపును పెన్ను పట్టినట్టు పట్టి, చిటికెన వేలును పిల్ల చెంపకు ఆనించాలి. పిల్ల తల విదిలిస్తే చెయ్యీ, పరికరం దాంతోపాటే కదులుతాయి. వేలు ఆనకపోతే ఆటోస్కోపు కొనకుండే గరాటు అంచు చెవి గోడకు గుచ్చుకుని రక్తం వస్తుంది, ఆ పిల్ల మళ్లీ చెవి చూడనివ్వదు. పెద్దవాళ్లకైతే చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. పసిపిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి. గరాటు చెవిలో పట్టినంతలో పెద్దది వాడాలి. చిన్నది సులువుగా దూరుతుంది కానీ, కర్ణభేరిలో ఒక ముక్కే కనబడుతుంది.

చూసింది అర్థం చేసుకోవడంలో తప్పులు ఎక్కువ. బ్యాటరీ నీరసిస్తే వెలుతురు పసుపురంగుకు తిరుగుతుంది, మామూలు కర్ణభేరి కూడా మసకబారినట్టు కనబడుతుంది. ఏడ్చే పిల్ల కర్ణభేరి ఎర్రబడుతుంది. అది చూసి యాంటీబయాటిక్ రాసేస్తారు. చూడాల్సింది ఎరుపు కాదు, ఉబ్బు. రబ్బరు బల్బుతో గాలి ఊదినప్పుడు కర్ణభేరి కదులుతోందా లేదా అన్నది ఇంకా నమ్మదగిన గుర్తు. వెనక నీరు నిలిచి ఉంటే అది సరిగా కదలదు.

చెవి నిండా చీముంటే కర్ణభేరి కనబడదు, మందూ లోపలికి చేరదు. దీర్ఘకాలిక చీముకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వైద్య మార్గదర్శకాలు చెప్పేది చాలా సాదా వైద్యం. శుభ్రమైన, నీరు పీల్చే మెత్తని గుడ్డను దీపపు ఒత్తిలా చుట్టి చెవిలో పెట్టాలి, తడవగానే తీసి కొత్తది పెట్టాలి, పొడి ఒత్తి వచ్చేదాకా అలాగే చేయాలి. రోజుకు మూడుసార్లు ఇలా తుడిచి, ప్రతిసారీ సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినోలోన్ రకం యాంటీబయాటిక్ చుక్కలు వేయాలి. ఇలా రెండు వారాలు చేయాలి. చుక్కలు వేశాక చెవి రంధ్రం ముందుండే మెత్తని బొడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు చిల్లు గుండా మధ్యచెవిలోకి దిగుతుంది. సీసాను ముందు కాసేపు అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టాలి. చల్లటి చుక్కలు పడితే పిల్లకు కళ్లు తిరుగుతాయి. జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు చిల్లు గుండా లోపలి చెవికి చేరితే వినికిడి కణాలకే ముప్పు. ఇంట్లో పోసే వేడి నూనె, వెల్లుల్లి రసం మాన్పించాలి. చుక్కలు వేస్తున్నా చెవి ఆరకపోతే చాలాసార్లు కారణం మందు కాదు, తుడవకుండా చుక్కలు వేయడం. నేర్చుకునే డాక్టరు తన చేత్తో తుడిచి, తల్లి చేత చేయించి చూసేదాకా ఈ సంగతి బోధపడదు.

డాక్టరు చేతిలో ఉండాల్సింది జాబ్సన్-హార్న్ ప్రోబ్ అనే సన్నని లోహపు పుల్ల. పలచగా విడదీసిన దూది పొర మధ్యలో దాని కొన పెట్టి తిప్పుతూ చుట్టాలి. దూది లోహపు కొనను దాటి కుచ్చులా ముందుకు రావాలి. కొన బయటపడితే చర్మం చీరుకుపోతుంది, దూది వదులైతే చెవిలోనే ఉండిపోతుంది. చూడ్డానికి చిన్న పనే. ఓ ఇరవై సార్లు చుట్టితే గానీ చేతికి రాదు.

తుడిచాక అసలు ప్రశ్న వస్తుంది: చిల్లు ఎక్కడుంది? కర్ణభేరి నడిమధ్యన ఉంటే ప్రాణానికి ముప్పు తక్కువ. పై కొసన, ఆటిక్ అనే చోట గానీ, అంచున గానీ ఉంటే కొలెస్టియటోమాను అనుమానించాలి. అది చర్మపు పొరలు పోగుపడి ఎముకను తినే జబ్బు. చీము కొంచెమే, కంపు మాత్రం భరించలేనంత. ముదిరితే ముఖం పక్షవాతం, మెదడులో చీముగడ్డ దాకా పోతుంది. పై కొసన గోధుమరంగు పెచ్చు కనబడితే గులిమి అనుకుని వదిలేస్తారు. ఆ పెచ్చును తీసి కింద ఏముందో చూడనిదే చెవి బాగుందని రాయకూడదు. చెవి వెనక నొప్పితో వాపు ఉంటే ఇవేవీ చూస్తూ కూర్చోకుండా, మొదటి డోసు యాంటీబయాటిక్ ఇచ్చి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

కొలెస్టియటోమాకు మందుల్లేవు, ఆపరేషనే. చెవి వెనక మాస్టాయిడ్ ఎముకను డ్రిల్లుతో తొలిచే ఈ పని పుస్తకం చదివితే రాదు. ల్యాబులో ఎముక మీద నేర్చుకోవాలి. దానం చేసిన మానవ ఎముకలు దొరకని చోట త్రీడీ ప్రింటెడ్ నమూనాలు వాడతారు. ఎండోస్కోపుతో చెయ్యి తిరగడానికి గొర్రె తల బాగా పనికొస్తుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటే: ఇరుకుగా, లోతుగా తవ్వడం. తవ్వాల్సింది బావి కాదు, చెరువు. అంచులు వెడల్పుగా చెక్కుకుంటూ, ఆనవాళ్లు ఒక్కొక్కటే గుర్తుపట్టుకుంటూ దిగాలి. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నరానికి అడ్డంగా కాకుండా దాని వెంబడే డ్రిల్లు కదపాలి. దగ్గరికొచ్చాక డ్రిల్లు కొనకుండే పళ్ల బర్ర్ తీసి డైమండ్ బర్ర్ పెట్టాలి. డైమండ్ బర్ర్‌కు వేడి ఎక్కువ. నీళ్లు ధారగా పడకపోతే నరాన్ని తాకకుండానే కాల్చేస్తుంది. పసిపిల్లల్లో ఇంకో చిక్కుంది. రెండేళ్లలోపు మాస్టాయిడ్ కొన సరిగా ఏర్పడదు, ఫేషియల్ నరం చర్మం కిందే ఉంటుంది. పెద్దవాళ్లకు పెట్టిన కోతే పెడితే నరం తెగుతుంది.

ఎక్కడ నేర్చుకున్నారన్నది కూడా ముఖ్యమే. ధనిక దేశాల్లో చెవి నాళపు గోడను నిలబెట్టి ఆపరేషన్ చేసి, ఏడాదికి మళ్లీ తెరిచో, ప్రత్యేక ఎంఆర్‌ఐ తీసో చూస్తారు. రెండు రోజులు నడిచి వచ్చిన పిల్ల మళ్లీ రాకపోవచ్చు, ఎంఆర్‌ఐ అసలే ఉండకపోవచ్చు. అలాంటిచోట ఆ గోడను తీసేసి, ఒక్క ఆపరేషన్‌తో జబ్బును పూర్తిగా తొలగించడమే చాలాసార్లు క్షేమం. అయితే ఫేషియల్ నరం మీది ఎముక గట్టును తగినంత తగ్గించకపోయినా, చెవి ద్వారాన్ని పెద్దది చేయకపోయినా, గోడ తీసిన చోట మిగిలే గుంత జీవితాంతం కారుతుంది. ఈ రెండూ చేయించకుండా కోర్సు ముగించకూడదు. కేప్‌టౌన్ రెడ్ క్రాస్ పిల్లల ఆసుపత్రిలో ఆఫ్రికా దేశాల డాక్టర్లకు ఇచ్చే ఫెలోషిప్‌లకు విలువ ఇందుకే. తమ దగ్గరికి వచ్చే జబ్బులనే, తమ ఖండంలోనే చూసి నేర్చుకుంటారు.

విరాళంగా వచ్చిన మైక్రోస్కోపు బల్బు కాలిపోయి మూలపడటం మామూలే. బల్బు మార్చడం, లెన్సుకు బూజు పట్టకుండా దాచడం, డ్రిల్లు హ్యాండ్‌పీసుకు నూనె వేయడం పాఠంలోనే ఉండాలి. తిరిగి వెళ్లే డాక్టరు పెట్టెలో రెండు విడి బల్బులు, కొత్త బర్ర్‌లు, ఒక రిజిస్టరు ఉండాలి. రిజిస్టరులో గడులు నాలుగు చాలు: ఏ చెవి, ఏం చేశారు, ఆరు వారాలకు చెవి పొడిగా ఉందా, ఏడాదికి పొడిగా ఉందా. నేర్పినవాళ్లు మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు ముందుగా తెరిచి చూడాల్సింది ఆ చివరి గడినే.