వాగులో బండి చక్రం

చిన్నా, అమ్మలూ,

నిన్న ఫోన్లో అమ్మలు అడిగింది కదా, "క్యాలెండర్‌లో అగ్ని నక్షత్రం మొదలు అని వేశారు, రాత్రి టెర్రస్ అంతా తిరిగి వెతికినా కనపడలేదు తాతయ్యా" అని. మంచి ప్రశ్న. అది ఆకాశంలో చుక్క కాదు, ఎండలు మండిపోయే రోజులకు మన చెన్నైలో పెట్టుకున్న పేరు, దాన్నే తెలుగు పంచాంగంలో కర్తరి అంటారు. మే 4 నుంచి 28 దాకా సూర్యుడు కృత్తికలనే నక్షత్రాల గుంపు చుట్టుపక్కల ఉంటాడు, కృత్తికలకు దేవత అగ్ని, అందుకే ఆ పేరు. సూర్యుడి పక్కనే ఉంటే మనకెలా కనపడతాయి? ఆయనతోపాటే పొద్దున లేచి, ఆయనతోపాటే దిగిపోతాయి.

దాని బదులు, ఈ నెల బాగా కనపడే త్రిశంకును చూడండి, దక్షిణాన ఉండే నాలుగు చుక్కల గుంపు, ఇంగ్లీషులో సదరన్ క్రాస్ అంటారు.

నా చిన్నప్పుడు నెల్లూరు జిల్లాలో మా బండి వాగు దాటుతుంటే నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. ఇరుసు మునిగేదాకా నీళ్లు, చక్రం పైభాగం ఒక్కటే బయటికి. ఒకసారి చక్రానికి పచ్చటి నాచు చుట్టుకుంది. అది నీళ్లు కారుకుంటూ ఎడమవైపు లేచి, పైకెక్కి, కుడివైపు మునిగింది. పోయిందనుకున్నాను, మళ్లీ లేచింది! ఓపిగ్గా నిలబడితేనే కనపడుతుంది నాయనా, చదువులోనూ అంతే.

దక్షిణాకాశం అచ్చంగా ఆ చక్రమే. దాని ఇరుసు చెన్నైలో నేలకు 13 డిగ్రీలు కింద మునిగి ఉంది. అదే ఇరుసు రెండో కొస ఉత్తరాన 13 డిగ్రీలు పైకి తేలింది, అక్కడే ధ్రువుడు కూర్చున్నాడు. మన త్రిశంకు ఆ నాచు లాంటివాడు. ఢిల్లీలో నీళ్లు ఇంకా లోతు, అక్కడ అడుగు నక్షత్రం బయటికే రాదు. శ్రీలంక వెళితే లోతు తగ్గుతుంది, ఇంకా పైకి కనపడతాడు. విశ్వామిత్రుడు బొందితో స్వర్గానికి పంపితే ఇంద్రుడు తోసేశాడు, పాపం, అలా తలకిందులుగా ఆగిపోయినవాడు కదా, అంత కిందనే ఉంటాడు మరి.

మే నడిమిలో, వెన్నెల లేని రాత్రి, తొమ్మిదింటికి దక్షిణం వైపు తిరగండి. చెయ్యి బారుగా చాపి పిడికిలి పట్టండి, నేల నుంచి పిడికిలిన్నర ఎత్తులో గాలిపటం ఆకారంలో నాలుగు చుక్కలు. అడుగుదానికే వెలుగెక్కువ. వాటికి ఎడమవైపు రెండు పెద్ద చుక్కలు, అందులో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారి, మామూలు కంటికి కనపడే నక్షత్రాల్లో సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరిది. అయినా ఆ వెలుగు రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. అమ్మలూ, నువ్వు ఎల్‌కేజీలో పలక పట్టుకుని ఏడ్చిన రోజుల్లో బయలుదేరిన వెలుగమ్మా అది, ఇప్పుడు నీ కంట్లో పడుతోంది! నాకైతే ఇన్నేళ్లయినా ఈ మాట తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

తొమ్మిదింటికి నీళ్ల ట్యాంకు పక్కన అవి ఎలా ఉన్నాయో బొమ్మ గీయండి. పదకొండింటికి అమ్మను ఒప్పించి, అక్కడే నిలబడి ఇంకోటి గీయండి. ఆదివారం వచ్చేటప్పుడు రెండు కాగితాలూ తీసుకురండి, ఎటు ఒరిగాడో చూద్దాం.

మీ తాతయ్య